మాయా శిథిలాలు చూడబోయేవారి ప్రశ్నలు

మెక్సికో, గ్వాటెమాలా దేశాల్లో మాయా ప్రజలు కట్టిన పాత నగరాల శిథిలాల గురించి గత సంచికలో రాసిన యాత్రా వ్యాసం చదివి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో నలుగురికీ పనికివచ్చే ఆరు ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను. రెండుసార్లు గైడుతో ఆ చోట్లు తిరిగివచ్చిన అనుభవంతోనూ, చాలాకాలం నెల్లూరులో చరిత్ర పాఠాలు చెప్పిన అలవాటుతోనూ ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. డిసెంబరులో మేమిద్దరం అక్కడికి వెళుతున్నాం. అక్కడి నుంచి మాయా శిథిలాలు చూపించడానికి ఒక టూర్ సంస్థ ఏడు రోజుల్లో తొమ్మిది చోట్లు తిప్పుతామంటోంది. అంత దూరం వెళ్ళి ఎందుకు వదులుకోవాలని మా ఆవిడ అంటున్నారు. నాకేమో అది మరీ పరుగులా అనిపిస్తోంది. మీ సలహా ఏమిటి? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కావలి)

జవాబు: నా సలహా మీ వైపే ఉంది. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఇలాంటి పరుగు యాత్రలోనే చేరాను. ఉష్మాల్ వంటి మహానగరంలో మాకు గంటన్నర మాత్రమే ఇచ్చారు. అందులో ముప్పావు గంట టిక్కెట్ల వరసలోనూ, మరుగుదొడ్ల దగ్గరా, దుకాణాల ముందూ గడిచిపోయింది. ఇంటికి వచ్చి ఫోటోలు చూసుకుంటే ఏ గోడ ఏ ఊరిదో నాకే గుర్తు రాలేదు. రెండోసారి నాలుగే చోట్లు ఎంచుకుని, ఒక్కో చోట కనీసం ఒక పూట గడిపాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ నాలుగు ఊళ్ళలో ఎక్కడ ఏ గోడ ఉందో, ఎటు తిరిగితే ఏ మెట్లు వస్తాయో చెప్పగలను.

మెక్సికోలోని మెరిడా పట్టణంలో మకాం పెట్టుకుంటే ఒక రోజు చిచెన్ ఇట్సా, మరో రోజు ఉష్మాల్, దాని దగ్గరలోని కబా తీరికగా చూడవచ్చు. తరవాత రోడ్డు మార్గంలోగానీ, 2023 డిసెంబరులో మొదలైన మాయా రైలులోగానీ పలెంకె చేరుకుని అక్కడ రెండు రాత్రులు ఉండండి. ఓపిక, సెలవు ఇంకా మిగిలితే గ్వాటెమాలాలోని టికాల్‌కు వెళ్ళవచ్చు, లేకపోతే దాన్ని ఇంకో యాత్రకు ఉంచుకోవచ్చు.

చిచెన్ ఇట్సాలో అందరూ మొదట చూసేది కుకుల్కాన్ అనే ఈకల పాము దేవుడి పిరమిడ్. నాలుగు వైపులా ఒక్కో వైపున 91 మెట్లు, పైనున్న గుడి అరుగు ఒకటి, మొత్తం కలిపితే సంవత్సరానికి ఉన్నన్ని రోజులు, అంటే 365. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల రోజుల్లో సాయంత్రపు ఎండ ఉత్తరపు మెట్ల పక్క గోడ మీద పడి, పాము కిందికి దిగుతున్నట్టు నీడ పాకుతుంది. అది చూడడానికి జనం విపరీతంగా వస్తారు కనుక డిసెంబరులో వెళ్ళడం మీకు మేలే. ఆ నెలలో ఎండ కూడా ఓర్చుకోదగ్గట్టుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ సున్నపురాతి నేల మీద నిలబడితే మన రోహిణి కార్తె గుర్తుకు వస్తుంది. పిరమిడ్ ఎక్కనివ్వరు, దానికి బాధపడనక్కరలేదు. దాని లోపల అంతకన్నా పాత పిరమిడ్ ఇంకొకటి ఉంది. మాయావారు పాత గుడిని కూల్చకుండా, దాన్ని కడుపులో పెట్టుకునేలా కొత్త గుడి కట్టేవారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ప్రతి కట్టడాన్నీ చూసే చూపు మారిపోతుంది.

పలెంకెలో రెండు రాత్రులు ఎందుకు ఉండమన్నానో కూడా చెప్పాలి. అక్కడ శాసనాల గుడి అనే మెట్ల పిరమిడ్ ఉంది. మెక్సికో పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ 1949లో ఆ గుడి నేల మీద పరచిన బండల్లో ఒకదానికి వరసగా రంధ్రాలు ఉండటం, వాటిని రాతి బిరడాలతో మూసి ఉండటం గమనించారు. గోడలు కూడా నేల దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగుతున్నట్టు కనిపించాయి. బండ ఎత్తించి చూస్తే రాళ్ళతో, మట్టితో కూరిన మెట్ల దారి బయటపడింది. ఆ కూరుడును తవ్వి పైకి మోయడానికి నాలుగు తవ్వకాల కాలాలు పట్టింది. 1952 జూన్‌లో అడుగున ఒక సమాధి గది తెరుచుకుంది. అందులో పచ్చరాతి ముసుగు వేసుకుని పడుకున్నవాడు కినిచ్ జనాబ్ పకాల్ అనే రాజు. ఆయన పన్నెండేళ్ళ వయసులో క్రీ.శ. 615లో గద్దె ఎక్కి 683లో చనిపోయేవరకు పాలించాడు. సుమారు 3.8 మీటర్ల పొడవున్న శవపేటిక మూత మీద చెక్కిన బొమ్మను చూపించి, ఆయన అంతరిక్ష నౌక నడుపుతున్నాడని చెప్పేవారు మన దగ్గరా ఉన్నారు. నిజానికి అది పాతాళపు నోటికీ లోకవృక్షానికీ నడుమ ఉన్న రాజు బొమ్మ. సమాధిలోకి ఇప్పుడు సందర్శకులను పంపరు. శవపేటిక నకలు అక్కడి మ్యూజియంలోనూ, అసలు ముసుగు మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలోనూ ఉన్నాయి. మొదటి రోజు గుడి చూసి, సాయంత్రం మ్యూజియం చూసి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుడి ముందు నిలబడితే మొదటి రోజు కనిపించనివి చాలా కనిపిస్తాయి.

గైడును ఎంచుకోవడంలో నా కొలత ఒకటే. "ఇది మనకు ఎలా తెలిసింది?" అని అడగండి. శాసనంలో ఉంది, సమాధిలో దొరికింది, బొగ్గు వయసు కట్టే పరీక్షలో తేలింది అని చెప్పేవారు, తెలిసినదానికీ ఊహకూ మధ్య గీత గీసేవారు మంచి గైడు. ప్రతి బండ దగ్గరా రక్తబలుల కథలే చెప్పి, చప్పట్లు కొట్టించి ప్రతిధ్వని వినిపించి ముందుకు నడిపించేవారితో మీకు మిగిలేది తక్కువ. మెక్సికోలో గైడులకు ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంటుంది, అది మెడలో ఉందో లేదో చూసుకోండి.

ఇక వీసా. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్న భారతీయులను మెక్సికో విడిగా వీసా అడగడం లేదు. నియమాలు మారుతుంటాయి కనుక టిక్కెట్లు కొనే ముందు రాయబార కార్యాలయం ప్రకటన చూసుకోండి. మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదా కాదా అన్నది కూడా తప్పక చూసుకోండి, ఎందుకంటే మీరు మళ్ళీ డాలస్‌కు తిరిగి రావాలి.

ప్రశ్న: మహాభారతంలో మయసభ కట్టిన మయుడి వంశీకులే మాయా ప్రజలని, వారి కాలగణన మన కలియుగంతోనే మొదలైందని ఒక వీడియోలో చూశాను. ఇది నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: నిజం కాదు. ఖాండవ దహనంలో అర్జునుడి దయతో బతికి, పాండవులకు సభ కట్టిచ్చిన మయుడు మన ఇతిహాసంలోని శిల్పి. అమెరికా ఖండంలోని ఈ ప్రజలకు మాయా అన్న పేరు మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో వాడుకలో ఉన్న మాట నుంచి వచ్చింది. మాయాపాన్ అన్న పాత నగరం పేరులోనూ అది ఉంది. ఇప్పుడు మనం మాయా నాగరికత అని పిలుస్తున్న వారందరూ ఆ రోజుల్లో తమను ఆ ఒక్క పేరుతో పిలుచుకోలేదు. ఏ నగరం వారిది ఆ నగరం పేరు, ఏ రాజవంశం వారిది ఆ వంశం పేరు. రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలవదు.

కాలగణన విషయం ఆసక్తికరమైనదే. మాయావారి దీర్ఘగణన, అంటే ఒక ఆరంభం నుంచి రోజులను వరసగా లెక్కపెట్టే పద్ధతి, క్రీ.పూ. 3114 ఆగస్టు నుంచి మొదలవుతుంది, మన కలియుగాది క్రీ.పూ. 3102 ఫిబ్రవరి. దగ్గరగా ఉన్నాయి కానీ ఒకటి కావు, దాదాపు పన్నెండేళ్ళ తేడా ఉంది. రెండూ ఆయా కాలాల్లో జరిగింది చూసి రాసుకున్న తేదీలు కావు, చాలా తరవాతి పండితులు లెక్క కట్టి వెనక్కి వెళ్ళి నిలిపిన ఆరంభాలు. 2012 డిసెంబరు 21న ప్రపంచం అంతమవుతుందని అప్పట్లో భయపెట్టింది కూడా ఈ గణన పేరు చెప్పే. ఆ రోజున జరిగిందల్లా 1,44,000 రోజుల బక్తూన్‌లు పదమూడు పూర్తికావడమే. మనకు ఒక షష్టిపూర్తి చక్రం పూర్తయితే మళ్ళీ ప్రభవ వస్తుంది, అలాంటిదే ఇదీ.

ఆ వీడియోలో వాళ్ళు "అంతరించిపోయిన జాతి" అని కూడా చెప్పి ఉంటే, అది ఇంకా పెద్ద పొరపాటు. లక్షలాది మాయా ప్రజలు ఈ రోజుకీ అదే నేల మీద ఉన్నారు, దాదాపు ముప్పై మాయా భాషలు మాట్లాడుతున్నారు. మెరిడాలో మేము ఎక్కిన బస్సు డ్రైవరు ఫోనులో తన తల్లితో యుకటాన్ మాయా భాషలో మాట్లాడుతుంటే నేను ముందు సీట్లో కూర్చుని విన్నాను. ఆ శిథిలాల దగ్గర నాకు అందిన మొదటి పాఠం అదే అనుకుంటాను.

ప్రశ్న: మాది మెట్ట ప్రాంతం. బోర్లు ఎండితే గుక్కెడు నీళ్ళకు అవస్థ పడతాం. నదులే లేని చోట అంత పెద్ద నగరాలు ఎలా నిలబడ్డాయని రాశారు. నీళ్ళు ఎక్కడివి? (రైతు, కనిగిరి)

జవాబు: అన్ని ఉత్తరాల్లోకీ నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే గైడులు చాలామంది దీన్ని చెప్పకుండా దాటేస్తారు. ఉత్తర యుకటాన్ అంతా సున్నపురాయి. వాన నీరు నేల మీద పారకుండా రాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది కనుక పైన నదులు ఉండవు. ఎక్కడైతే గుహ పైకప్పు కూలిందో అక్కడ భూగర్భ జలం బయటపడి సహజమైన బావి అవుతుంది. దాన్ని సెనోటె అంటారు. మన సముద్రతీరపు ఊళ్ళలో ఇసుకలో తవ్వే దొరువు వంటిది కాదు అది, నిటారు గోడలతో ఎంతో లోతున నీరు నిలిచిన పెద్ద గొయ్యి. చిచెన్ ఇట్సాలోని పవిత్ర సెనోటె సుమారు 60 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఇట్సా ప్రజల బావి అంచు అన్నదే ఆ ఊరి పేరుకు అర్థం.

ఉష్మాల్ ఉన్న గుట్టల ప్రాంతంలో ఆ సెనోటెలు కూడా లేవు. అక్కడివారు రాతిలో కూజా ఆకారంలో, మెడ సన్నగా, కడుపు వెడల్పుగా గోతులు తొలిచి లోపల సున్నపు గచ్చు చేశారు. వీటిని చుల్తూన్‌లు అంటారు. గోతి మూతి చుట్టూ ఉన్న వాకిలిని గచ్చు చేసి లోపలికి వాలుగా పెట్టేవారు, పడ్డ వానంతా అందులోకి చేరేది. వాన మీదే బతుకు కనుక గోడల నిండా వానదేవుడు చాక్ ముఖాలే, వంపు తిరిగిన పొడవాటి ముక్కులతో వరసలు కట్టి కనిపిస్తాయి. కబాలో ఒకే గోడ మీద అలాంటి ముఖాలు వందల సంఖ్యలో ఉన్నాయి. మా గైడు ఒక చుల్తూన్ మూతి దగ్గర వంగి లోపలికి దీపం వేస్తే, వెయ్యేళ్ళు దాటిన సున్నపు పూత ఇంకా తెల్లగా అతుక్కుని ఉంది. మన పాత మిద్దెలకు గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపినట్టే వారు సున్నంలో చెట్ల బెరడు రసం కలిపేవారు.

టికాల్ కథ ఇంకొకటి. అక్కడ నగరం నడిబొడ్డున ఉన్న చౌకులన్నీ గచ్చు చేసి వాలుగా పెట్టి, నీటిని కట్టలు వేసిన చెరువుల్లోకి మళ్ళించారు. కట్ట, తూము, కలుజు తెలిసిన మనవాళ్ళు అక్కడ నిలబడితే ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అందులో కొరియెంటాల్ అనే చెరువు మట్టిని పరీక్షించిన శాస్త్రవేత్తలు జియోలైట్ అనే ఖనిజమూ, స్ఫటికపు ఇసుకా కనుగొన్నామని 2020లో ప్రకటించారు. అవి నీటిని వడకట్టడానికి వేసినవని వారి నిర్ణయం. అదే ఏడాది ఇంకొక పరీక్ష, రాజమందిరం పక్కన ఉన్న చెరువుల్లో పాదరసమూ, విషపు నాచూ ఎక్కువగా ఉన్నట్టు తేల్చింది. గోడలకు, సమాధులకు వాడిన, పాదరసం ఉండే ఎర్రని ఇంగిలీకం వానలో కరిగి చెరువులోకి చేరడమే పాదరసానికి కారణం. ఆ చెరువు నీళ్ళను మందిరం చుట్టూ ఉన్నవారు తాగేవారు. దీనికి తోడు 9వ శతాబ్దంలో వరస కరువులు వచ్చాయని అక్కడి సరస్సుల అడుగు మట్టి చెబుతోంది. టికాల్‌లో తేదీ వేసిన చివరి శిలాస్తంభం క్రీ.శ. 869 నాటిది. నీళ్ళు ఒక్కటే కారణమని నేను అనను, నగరాల మధ్య యుద్ధాలు, రాజుల మీద నమ్మకం సడలడం కూడా ఉన్నాయి. అయినా చెరువు చెడితే ఊరు ఏమవుతుందో మీకు నేను చెప్పవలసిన పని లేదు.

ప్రశ్న: నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారిని. వెళ్ళవచ్చా? (గృహిణి, గూడూరు)

జవాబు: వెళ్ళవచ్చు. నేల మీద నడక ఎక్కువే కానీ, పెద్ద పిరమిడ్లు చాలావాటిని ఎక్కనివ్వరు కనుక ఎక్కాలన్న ఒత్తిడి ఉండదు. టికాల్‌లో నాలుగో గుడికి మాత్రం చెక్క మెట్లు ఉన్నాయి, అడవి మీదుగా మిగిలిన గుళ్ళ శిఖరాలు చూడాలంటే అది ఎక్కాలి. వెళ్ళే ముందు రెండు నెలలు రోజూ గంట నడక అలవాటు చేసుకోండి, పట్టు ఉన్న బూట్లు తీసుకువెళ్ళండి. తిండి విషయంలో జాగ్రత్త ఒకటే. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల ముద్ద అన్నిచోట్లా దొరుకుతాయి కానీ, ఆ ముద్దలో పంది కొవ్వు వేయడం అక్కడ మామూలు. "సిన్ కార్నె, సిన్ మాంతెకా", అంటే మాంసం వద్దు, కొవ్వు వద్దు అన్న రెండు మాటలు నేర్చుకుని వెళ్ళండి. అక్కడి అబనేరో మిరపకాయ మన పచ్చిమిరప కన్నా ఎన్నో రెట్లు కారం, కాబట్టి మొదటి రోజే ధైర్యం చేయకండి. ఊరగాయ సీసా మాత్రం తోడు తీసుకువెళ్ళడానికి ముందు కస్టమ్స్ నియమాలు చూసుకోండి.

ప్రశ్న: మా తాతల నాటి నుంచీ పొగాకు సాగే. మాయా గుళ్ళలో చుట్ట తాగే దేవుడున్నాడని మీరు రాసింది చదివి మా బ్యారన్ దగ్గర అందరం చర్చించుకున్నాం. అది నిజంగా పొగాకేనా? (రైతు, కందుకూరు)

జవాబు: నిజంగానే. పలెంకెలో శిలువ గుడి అని పిలిచే కట్టడం ఉంది, పకాల్ కొడుకు కాన్ బహ్లామ్ దాన్ని 692లో ప్రతిష్ఠించాడు. లోపలి గర్భగుడి ద్వారానికి ఒక పక్క ఆ రాజు, రెండో పక్క ఒక ముసలి దేవుడు నిలబడి ఉంటారు. ఆ ముసలాయన నోట్లో చుట్ట, దాని కొస నుంచి పొగ సుడులు తిరిగి లేవడం శిల్పి స్పష్టంగా చెక్కాడు. అనుమానం తీర్చే ఆధారం ఇంకొకటి ఉంది. "ఇతని పొగాకు ఇల్లు" అన్న అర్థంలో మాయా లిపిలో రాసి ఉన్న ఒక చిన్న మట్టి బుడ్డి లోపల అంటుకుని మిగిలినదాన్ని పరీక్షిస్తే అందులో నికోటిన్ ఉన్నట్టు 2012లో తేలింది. రాసినదీ లోపల ఉన్నదీ ఒకటే కావడం పురావస్తు శాస్త్రంలో చాలా అరుదైన అదృష్టం.

మీరు తోటల రైతులు కనుక మరొకటి చెబుతాను. మన ఇళ్ళలో పెరిగే సపోటా చెట్టు పుట్టిల్లు కూడా ఆ నేలే. దాని చేవ చాలా గట్టిది, చెదలు సులభంగా తినలేవు. టికాల్ గుళ్ళ ద్వారాలపైన వేసిన దూలాలు సపోటా చేవవే, వాటి మీద రాజుల బొమ్మలూ అక్షరాలూ చెక్కారు. మాయా తేదీలను మన క్యాలెండరులోకి మార్చే లెక్క సరైనదేనా అని పండితులు వాదించుకుంటున్నప్పుడు, ఈ దూలాల్లోని కార్బన్‌ను పరీక్షించి చూశారు. చెక్కిన తేదీ ఏ శతాబ్దాన్ని చెబుతోందో చెట్టు నరికిన కాలమూ దానికే, 8వ శతాబ్దానికే సరిపోయింది. అప్పటినుంచి ఆ లెక్క మీద నమ్మకం గట్టిపడింది.

ప్రశ్న: మాయా అక్షరాలను చదవగలుగుతున్నారా? ఎనిమిదో తరగతి పిల్లలకు తరగతిలో చూపించగలిగేది ఏమైనా ఉందా? (ఉపాధ్యాయురాలు, ఆత్మకూరు)

జవాబు: చాలావరకు చదువుతున్నారు, అమ్మా. పైగా తెలుగు గుణింతం నేర్చిన పిల్లలకు దీన్ని అర్థం చేయించడం సులభం. 1562లో దియెగో దె లాండా అనే స్పానిష్ మతాధికారి మానీ అనే ఊరిలో మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. నేడు మిగిలినవి నాలుగే. అదే లాండా తరవాత రాసిన వ్రాతప్రతిలో మాయా అక్షరమాల అంటూ కొన్ని గుర్తులు దించి పెట్టాడు. అవి ఇంగ్లీషు అక్షరాల్లా ఒంటి శబ్దాలనుకుని చదివినంత కాలం ఎవరికీ ఏమీ తేలలేదు. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరొజోవ్ అవి హల్లూ అచ్చూ కలిసిన అక్షరాలని, అంటే మన కు, లు, సు వంటివని ప్రతిపాదించారు. మిగిలిన ఆ మాయా పుస్తకాల్లో సీమకోడి బొమ్మ పైన రెండు గుర్తులు ఉన్నాయి, మాయా భాషలో సీమకోడి "కుత్స్". కుక్క బొమ్మ పైన ఉన్న రెండు గుర్తుల్లో మొదటిది సీమకోడి మాటలోని రెండో గుర్తే, కుక్క "త్సుల్". అంటే కు-త్సు, త్సు-లు అని రాసి చివరి అచ్చును వదిలి పలికేవారు. నల్లబల్ల మీద నాలుగు పెట్టెలు గీసి ఇది చూపించండి, పిల్లలే కనిపెట్టేస్తారు. 1960లో తతియానా ప్రొస్కురియాకోఫ్ అనే పరిశోధకురాలు మాయా శిలాస్తంభాల మీద ఉన్నవి రాజుల పుట్టుక, పట్టాభిషేకం వంటి తేదీలని నిరూపించడంతో, నక్షత్రాల లెక్కలే అనుకున్న రాళ్ళు చరిత్ర చెప్పడం మొదలుపెట్టాయి.

అక్కడికి వెళ్ళేవారికి ఒక కిటుకు. నడి మధ్యాహ్నం శాసనం మీద ఎండ నేరుగా పడితే ఏమీ కనిపించదు. మా గైడు నీడలో ఉన్న పలక దగ్గర చిన్న టార్చిని గోడకు ఆనించినంత పక్కగా పట్టుకుంది, అంతవరకు గరుకు రాయిలా ఉన్నచోట ఒక కన్ను, ఒక చెయ్యి, వరసగా చుక్కలు లేచి నిలబడ్డాయి. భైరవకోన గుహల్లో అరిగిపోయిన గీతల మీద మీ పిల్లలతో ఇలాగే చేయించి చూడండి, రాతిని తాకకుండా.

తరగతిలో అంకెలతో మొదలుపెట్టండి. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వ ఆకారం అంటే సున్న. పదమూడేళ్ళ పిల్లవాడి వయసు రెండు గీతలు, వాటి పైన మూడు చుక్కలు. ఇరవై దాటితే మెట్టు మారుతుంది, కింది మెట్టులో ఒకట్లు, పై మెట్టులో ఇరవైలు. నలభై ఏడు రాయాలంటే పైన రెండు చుక్కలు, కింద ఒక గీత, దాని మీద రెండు చుక్కలు. సరిగ్గా నలభై అయితే పైన రెండు చుక్కలు, కింద ఒక గవ్వ. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల వయసులు ఇలా రాసుకుని రమ్మని చెప్పండి.